జడలో దొరికిన జెడ్

ఇంటర్వ్యూలో ప్రిన్సిపల్ అడిగిన మొదటి ప్రశ్న, "ఆర్ యూ నేటివ్?" అని.

నేను ఏమాత్రం తడుముకోలేదు. "యెస్ మేడమ్. మై నేటివ్ ఈజ్ తెనాలి, గుంటూర్ డిస్ట్రిక్ట్," అన్నాను.

మనకి నేటివ్ అంటే సొంతూరు. రైల్లో ఎదురు సీటువాళ్ళు పులిహోర పొట్లం విప్పుతూ "మీ నేటివ్ ఎక్కడండీ?" అని అడుగుతారే, అదన్నమాట. ఆవిడ అడిగింది మాత్రం ఇంగ్లీషు నా పుట్టుభాషేనా అని. ఆ సంగతి నా బుర్రకెక్కేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు తుడుచుకుంటోంది. యాభై దాటిన చైనీస్ మనిషి, పొట్టి జుట్టు, పొట్టి మాటలు. నా ఎమ్మే సర్టిఫికెట్టు ఇటు తిప్పి అటు తిప్పి, "ఓకే లా. మూడు నెలలు చూద్దాం," అంది. ఆ "లా" అక్కడివాళ్ళు మాట చివర తగిలించే తోక.

సింగపూర్‌లో, పాయా లేబర్‌లో, ఒక ఆఫీసు బిల్డింగు నాలుగో అంతస్తులో ఉన్న చిన్న భాషాకేంద్రంలో నేను అలా ఇంగ్లీషు టీచరునయ్యాను. నా ముందు పనిచేసిన ఇంగ్లండాయన సెలవుకని బాలీ వెళ్ళి, అక్కడి సముద్రం నచ్చి, మరి రాలేదట. ఆయన క్లాసు నాకిచ్చారు. ఎనిమిదిమంది కొరియా ఆడవాళ్ళు. పిల్లల్ని ఇక్కడి బళ్ళలో ఇంగ్లీషులో చదివించడం కోసం, మొగుళ్ళని వాళ్ళ దేశంలో ఉద్యోగాలకి వదిలేసి వచ్చిన తల్లులు. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపేసి వీళ్ళు మా బడికి వచ్చేవారు.

అది కంప్యూటర్ల జోరు నడుస్తున్న కాలం. సింగపూర్‌లో తెలుగువాడు తెలుగువాడికి కనిపిస్తే "ఏ ప్లాట్‌ఫామ్?" అని అడిగేవాడు, రైలు దిగినట్టు. మగవాళ్ళ సంగతి అలా ఉంచండి. వాళ్ళ వెంట వచ్చిన భార్యల్ని, కెమిస్ట్రీ చదివినా సంగీతం చదివినా, తీసుకెళ్ళి టెస్టింగ్ కోర్సులో పడేసేవారు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడమే ఆ పని. మేముండే హౌగాంగ్ బ్లాకులోని ఒక ఆంటీ ఆదివారం భోజనాల దగ్గర నా ముందే మా ఆయనతో, "ఇంగ్లీషు చెప్పడం ఏంటండీ, అదీ ఓ ప్రొఫైలేనా? టెస్టింగ్‌లో వెయ్యండి, ఆర్నెల్లలో సెటిలైపోద్ది," అంది. నన్నేదో పప్పులో కరివేపాకులా "వెయ్యమని" అనేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఇంటికొచ్చాక గొడవపడ్డాం. మా ఆయన మంచివాడే, నా మేలు కోరే చెబుతాడు. కానీ ఆయన చేతిలో అప్పటికే ఆ కోర్సు ఫారం ఉంది, నా పేరు నింపి, సంతకం ఒక్కటే మిగిల్చి. ఊళ్ళో నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠం చెప్పినదాన్ని. బోర్డు ముందు నిలబడితే తప్ప నాకు రోజు గడిచినట్టుండదు. ఆ మాట చెప్పలేక, కోపంలో ఒక మాట విసిరాను.

"మూడు నెలలు. స్కూలువాళ్ళు నన్ను ఉంచుకున్నారా, ఈ ఫారం చించి పారేస్తా. ఉంచుకోలేదా, నోరు మూసుకుని టెస్టింగ్‌లో చేరతా. మళ్ళీ జన్మలో పాఠం మాట ఎత్తను. సరేనా?"

"సరే," అన్నాడాయన చాలా తేలిగ్గా. ఫారం ఫ్రిజ్ మీద పెట్టాడు. మూడు నెలలూ అది అక్కడే ఉండి నన్ను చూస్తూనే ఉంది.

మొదటి రోజు క్లాసులోకి వెళ్ళగానే ఎనిమిదిమందీ లేచి నడుము వంచి దణ్ణం పెట్టారు. నేను కంగారుపడి రెండు చేతులూ జోడించాను. కూర్చోగానే ఒకావిడ అడిగింది: "టీచర్, వయసెంత?" ఇంకొకావిడ: "పెళ్ళయిందా? పిల్లలెందరు? ఎందుకు లేరు?" ఇంగ్లీషువాళ్ళని అలాంటివి అడగకూడదని పుస్తకంలో మొదటి పాఠమే ఉంది. కానీ నేను పుట్టిన దగ్గర్నించి నన్ను అందరూ అవే అడిగారు. హాయిగా జవాబులు చెప్పాను. ఇరవై ఏడు అనగానే వాళ్ళలో వాళ్ళు ఏదో లెక్కేసుకున్నారు. వయసు తెలిస్తేనే వాళ్ళకి వరస తెలుస్తుంది, ఎవరు అక్క, ఎవరు చెల్లెలు అని. ఇదేదో మన ఇల్లులా ఉందే అనుకున్నాను.

అందరిలోకీ పెద్దావిడకి నలభై నాలుగు. మిగతా ఏడుగురూ ఆవిణ్ణి "ఒన్నీ" అనేవారు. అంటే అక్క. నేను కూడా మనసులో పెద్దక్క అనే అనుకునేదాన్ని. నిటారుగా కూర్చునేది. పెన్సిళ్ళు మూడు, మూడూ సూదుల్లా చెక్కి వరసగా పెట్టుకునేది. కాగితం ఏదిచ్చినా రెండు చేతులతో ఇచ్చేది, రెండు చేతులతో తీసుకునేది. క్లాసు అయిపోగానే ఎవరూ చెప్పకుండానే లేచి, బోర్డు తుడిచేది. పైనుంచి కిందకి, ఒక గీత పక్కన ఇంకో గీత, మరక మిగలకుండా. "మీరేం చేసేవారు?" అని నేను ఒక్కొక్కరినీ అడిగినప్పుడు ఆవిడ, "హౌస్‌వైఫ్," అంది. సరే అనుకుని పక్కావిణ్ణి అడిగాను.

ఇక ఆవిడ చూపు ఎలాంటిదంటే, పాఠం చెబుతున్నంతసేపూ నా నోటి మీదే ఉండేది. నోటి మీదా, చేతిలో మార్కర్ మీదా. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని కాచుకున్నట్టుగా ఉండేది. టెస్టింగ్ కోర్సుకి నన్ను కాదు, ఈవిణ్ణి పంపాలి అనుకునేదాన్ని.

ఆ తప్పు మూడో నెల మొదట్లో దొరికింది.

డిక్టేషన్ రోజు. పుస్తకంలోని వాక్యాలు నేను చదువుతుంటే వాళ్ళు రాయాలి. ఆఖరి వాక్యం: "ద టీచర్ ఈజ్ జెలస్." జెడ్ అక్షరంతో మొదలయ్యే మాట అది. పట్టుదల గల మనిషి, చేసే పని మీద ప్రాణం పెట్టే మనిషి అని అర్థం. నాలాంటి మనిషి అన్నమాట, అని లోపల కాస్త గర్వంగానే చదివాను.

కాగితాలు తీసుకుని దిద్దబోతే, ఎనిమిదింటిలోనూ జె అక్షరం రాసి ఉంది. జెడ్ తీసేసి జె పెడితే ఆ మాటకి అర్థం మారిపోతుంది. అసూయ. టీచరుకి కుళ్ళు అని ఎనిమిదిమందీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారు. ఎర్ర పెన్నుతో ఎనిమిదింటికీ ఇంటూ కొట్టాను.

పెద్దక్క లేచి నిలబడింది. "టీచర్. మీరు జెలస్ అన్నారు."

"అవును, జెలస్ అనే అన్నాను."

"అవును. మేము జెలస్ రాశాం."

"మీరు రాసింది జెలస్. నేనన్నది జెలస్!"

ఎనిమిది మొహాలూ తెల్లబోయి నన్ను చూశాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా చూడండి, తెలుగులో రెండూ ఒక్కలాగే పడుతున్నాయి. ఆ రోజు నా నోట్లోనూ ఒక్కలాగే పడ్డాయి. నా చెవికి మాత్రం రెండూ వేరువేరుగా వినిపించాయి, ఎందుకంటే స్పెల్లింగు నా బుర్రలో ఉంది. వాళ్ళకి వినపడింది నా నోరు.

పెద్దక్క బ్యాగులోంచి చిన్న ఎలక్ట్రానిక్ డిక్షనరీ తీసింది. అరచేతిలో పట్టే మిషను. కొరియా వాళ్ళందరి దగ్గరా ఉండేది అప్పట్లో. బటన్లు నొక్కి, నా బల్ల మీద రెండు చేతులతో పెట్టింది. మిషను మాట్లాడింది. మొదట జెడ్ మాట, తర్వాత జె మాట. ఒకటి తుమ్మెద తిరిగినట్టుంది. రెండోది నేను చెప్పినట్టుంది.

జీవితంలో మొదటిసారి ఆ తేడా విన్నాను. ఎమ్మే చదివి, నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, ఇరవై ఏడేళ్ళ వయసులో. తల కొట్టేసినట్టయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, కొరియా వాళ్ళ భాషలో కూడా జెడ్ లేదట. వాళ్ళూ జీరోని జె పెట్టే అంటారు, మనలాగే. పెద్దక్క ఆ మాటే అంది, కోపం లేకుండా, ముక్కుసూటిగా: "టీచర్, మేము తప్పు పలుకుతాం. అందుకు వచ్చాం. మీరూ మాలాగే పలుకుతారు. మేము ఎవరి దగ్గర నేర్చుకోవాలి?"

మర్నాడు ప్రిన్సిపల్ పిలిచింది.

"కంప్లయింట్ వచ్చింది," అంది ఆవిడ.

"ఎవరిచ్చారో నాకు తెలుసు మేడమ్."

"తెలిస్తే మంచిదే. తను కూడా పేరు దాచమనలేదు." ఆవిడ కాఫీ కప్పు పక్కకి జరిపింది. "చూడు, నాకు నీ క్లాసు ఇష్టమే. నవ్వులు వినపడతాయి. కానీ వీళ్ళు నోరు తిరగడానికే వస్తారు. నెలాఖరుకి నీ మూడు నెలలు అయిపోతాయి. ఆ రోజు నేను వెనకాల కూర్చుంటా. అదే వాక్యం డిక్టేషన్ ఇవ్వు, జెడ్‌తోనో జె-తోనో, ఏదో ముందుగా ఎవరికీ చెప్పకు. నేనూ రాస్తా. నాకు వినపడితే, వాళ్ళకి వినపడితే, ఉంటావు. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటా. ఓకే?"

"ఓకే మేడమ్," అన్నాను. బయటికొచ్చి లిఫ్టులో ఒక్కదాన్నే ఏడ్చాను. నాలుగు అంతస్తులే కాబట్టి ఎక్కువసేపు ఏడవడానికి కుదరలేదు. కిందకి దిగేసరికి ఏడుపు పోయి మొండితనం వచ్చింది. ఒక్క అక్షరం! ఒక్క అక్షరం కోసం నేను టీచరుని కాకుండా పోతానా? చూస్తాను.

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఆ మాత్రానికేనా? నా ఆఫీసంతా జీరోలూ ఒకట్లతోనే నడుస్తుంది. రోజుకి వందసార్లు జీరో అంటాను. ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు."

"మిమ్మల్ని కంప్యూటరు అడగదండీ. నన్ను ఎనిమిదిమంది అడుగుతారు."

"అందుకే చెబుతున్నా, కంప్యూటర్ల దగ్గరికి రా అని," అన్నాడు ఫ్రిజ్ వైపు చూస్తూ.

నేను లేచి ఆ ఫారం తీశాను. ఆయన సంతకం పెడతాననుకున్నాడు. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు జెడ్ ఉన్న మాటలన్నీ రాసుకున్నాను. జూ, జిప్, జోన్, జీబ్రా, లేజీ, క్రేజీ. యాభై రెండు మాటలు పట్టాయి. "అయ్యో, ఫారం పాడుచేశావేంటే!" అన్నాడు. పాడవలేదు, పనికొచ్చింది అన్నాను.

ఆ మాటలతో నేను పడ్డ తిప్పలు దేవుడికెరుక. పుస్తకాల్లో రాసినట్టల్లా చేశాను. గొంతు మీద వేలు పెట్టి అదురుతుందా అని చూశాను. పెదాల ముందు కాగితం ముక్క పెట్టి ఊదాను. హౌగాంగ్ నుంచి బస్సులో కూర్చుని జ్ జ్ జ్ అంటుంటే పక్క సీట్లో మలయ్ ముసలావిడ జాలిగా చూసి ఒక దగ్గు బిళ్ళ ఇచ్చింది. కింద తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌లో టీ కోసం నిలబడి అభ్యాసం చేస్తుంటే, టీ పోసే అంకుల్ "ఏం కావాలి, ఏం కావాలి?" అని మూడుసార్లు అడిగాడు. ఒక్కోసారి తుమ్మెద వచ్చేది. వచ్చిందని సంబరపడి మాట అందుకోగానే ఎగిరిపోయి, మళ్ళీ అదే జీరో, అదే జిప్. మూడు వారాలున్నాయనుకున్నవి కాస్తా రెండయ్యాయి, పది రోజులయ్యాయి.

క్లాసులో పెద్దక్క, తన పని తను చేసేసినట్టు, పెన్సిళ్ళు సర్దుకుని కూర్చునేది. ఆవిణ్ణి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంట్లో కూర్చునే మనిషి, ఈవిడకేం తెలుసు పాఠం చెప్పడమంటే, అనుకునేదాన్ని. అనుకున్నానని ఒప్పుకోకపోతే ఈ రాసిందంతా అబద్ధమవుతుంది.

ఆ తర్వాత ఒక శనివారం పొద్దున్న, కిటికీ దగ్గర నిలబడి తల దువ్వుకుంటున్నాను. మా ఆయన వంటింట్లో ఉప్మాకి జీడిపప్పు వేయిస్తున్నాడు. "అయిందా? చల్లారిపోతుంది," అన్నాడు.

"ఉండండి, జడ వేసుకుని వస్తున్నా," అన్నాను.

అని, అలాగే నిలబడిపోయాను. జుట్టు మూడు పాయలూ చేతిలోనే ఉన్నాయి.

జడ. నాలుక ఎక్కడ ఆనింది? పైపళ్ళ వెనక. జీడిపప్పు. ఇప్పుడెక్కడ ఆనింది? ఇంకా వెనక, అంగిలి మీద. జడ, జీడిపప్పు. జొన్నలు, జిలేబీ. జల్లెడ, జెండా. ఓరి దేవుడా, రాసేది ఒకటే జ, కానీ పలికేవి రెండు! మా అమ్మమ్మ వాడే పాత నిఘంటువులో కొన్ని మాటలకి జ నెత్తిన చిన్న గుర్తు పెట్టి ఉండేది, ౙ అని. అదేదో అచ్చుతప్పు అనుకునేదాన్ని చిన్నప్పుడు. అది తప్పు కాదు, మా అమ్మమ్మ నోరు. నా నోరు కూడా. ౙడ, ౙొన్న, ౙల్లెడ. ఇన్నేళ్ళూ నా నాలుక చివరే ఉన్నదాన్ని ఇంగ్లీషు పుస్తకాల్లో వెతుకుతున్నాను.

వంటింట్లోకి పరిగెత్తాను. "జీడిపప్పు అనండి!"

"జీడిపప్పు. మాడుతోంది, అడ్డం లే."

"జడ అనండి."

"జడ."

"నాలుక ఎక్కడుంది?"

"నోట్లో ఉంది. ఎక్కడుంటుంది?"

"పళ్ళకి తగిలింది కదా! ఇప్పుడు తగలనివ్వకండి. తగిలీ తగలకుండా వదిలెయ్యండి. జడ, జ్ జ్ జ్, జీరో!"

ఆయన గరిటె పట్టుకుని ప్రయత్నించాడు. రెండోసారికి వచ్చింది. ఆయన మొహం చూడాలి, ఏదో తనకే ఉద్యోగం వచ్చినట్టు వెలిగిపోయింది. "భలేగా ఉందే! మళ్ళీ చెప్పు," అన్నాడు. ఆ పొద్దున్న జీడిపప్పు మొత్తం మాడిపోయింది. మాడిన ఉప్మాయే తింటూ ఇద్దరం యాభై రెండు మాటలూ చదివాం. మొగుడికి ఇంగ్లీషు పాఠం చెప్పిన మొదటి రోజు అది.

సోమవారం క్లాసుకి నా జడ ముందుకి వేసుకుని వెళ్ళాను. బోర్డు మీద ఏమీ రాయలేదు. జడ పట్టుకుని చూపించి, "ఇది మా భాషలో జడ. చెప్పండి, జడ," అన్నాను.

ఎనిమిదిమందీ పకపకా నవ్వారు. నాకేం అర్థం కాలేదు. ఒకావిడ చెంప కింద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఇంకొకావిడ బల్ల మీద తల వాల్చేసి గురక పెట్టింది. తీరా తెలిసిందేమిటంటే, వాళ్ళ భాషలో "జదా" అంటే నిద్రపోవడమట. పొద్దున్నే తొమ్మిదింటికి టీచరు జుట్టు పట్టుకుని నిద్రపోండి నిద్రపోండి అంటే నవ్వరూ మరి?

"నిద్ర వద్దు, జడ కావాలి!" అన్నాను. "మీ నిద్ర నాలుక వెనక పుడుతుంది. మా జడ పళ్ళ దగ్గర పుడుతుంది. వినండి." పెదాలు విప్పి నాలుక చూపించాను. వాళ్ళు బ్యాగుల్లోంచి చిన్న అద్దాలు తీసి ఎవరి నాలుక వాళ్ళు చూసుకున్నారు. నిద్ర, జడ. నిద్ర, జడ. తర్వాత ఆ జడని పళ్ళకి తగలకుండా జార్చి జెడ్. గది తుమ్మెదల తుట్టెలా మోగిపోయింది. గాజు తలుపు అవతల ప్రిన్సిపల్ ఆగి, ఎనిమిదిమంది అద్దాల్లోకి నాలుకలు చాపుకుని ఉండడం చూసి వెళ్ళిపోయింది. నా పని అయిపోయింది అనుకున్నాను.

పెద్దక్క మాత్రం నవ్వలేదు. అద్దం కూడా తియ్యలేదు. నన్నే చూస్తూ, పెదాలు కదిపీ కదపకుండా తనలో తనే పలుకుతోంది. క్లాసయ్యాక బోర్డు తుడవడానికి లేచింది. బోర్డు ఖాళీగా ఉంది. అయినా ఒకసారి పైనుంచి కిందకి తుడిచి, డస్టర్ పెట్టి వెళ్ళింది.

నెలాఖరు వచ్చింది. ఆ రోజు మా ఆయన ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "జడ గట్టిగా వేసుకో," అన్నాడు. నాకది చాలు.

ప్రిన్సిపల్ వెనక వరసలో కూర్చుని కాగితం తీసింది. నేను పుస్తకం పట్టుకున్నాను. మామూలు వాక్యాలు నాలుగు చదివాను. అయిదోది వచ్చింది. జడ చివర పట్టుకున్నాను, చిన్నపిల్లలా. నాలుక పళ్ళ వెనక్కి వచ్చింది, ఆనీ ఆనకుండా ఆగింది.

"ద టీచర్ ఈజ్ ౙెలస్."

మళ్ళీ చదవమని ఎవరూ అడగలేదు. నేనూ చదవలేదు.

ప్రిన్సిపల్ లేచి తనే కాగితాలన్నీ తీసుకుంది. నిలబడే చూసింది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. తల ఊపుతూ నా బల్ల మీద పెట్టింది. ఏడూ జెడ్లే. తన కాగితం చూపించింది, జెడ్. ఎనిమిదో కాగితం దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు సర్దుకుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

అది పెద్దక్క కాగితం. జె అక్షరం దూరం నుంచే కనిపించింది. ఒక్కసారిగా ఫ్రిజ్, దాని మీద ఫారం, ఆంటీ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. దగ్గరికెళ్ళి చూశాను. అక్కడ ఉన్నది ఒక వాక్యం కాదు, రెండు.

మొదటి వాక్యం నేను చెప్పింది. టీచరు పట్టుదల గల మనిషి. జెడ్‌తో, సరిగ్గా.

రెండోది నేను చెప్పనిది. నాకు అసూయ. జె-తో, సరిగ్గా.

పెద్దక్క లేచి నిలబడి ఉంది. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ ఏరి పెడుతున్నట్టు చెప్పింది. "కొరియాలో నేను టీచర్. లెక్కలు. పదహారు సంవత్సరాలు. ఇక్కడ, హౌస్‌వైఫ్." తర్వాత నా చేతిలో మార్కర్ వైపు చూపించింది. "రోజూ అది చూస్తాను. మొదటి రోజు నించి. తప్పు దొరికింది, సంతోషించాను. మీరు జెడ్ నేర్చుకున్నారు. అప్పుడు..." అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఈసారి లిఫ్టు లేదు, తొమ్మిదిమంది ముందే వచ్చేసింది. నన్నెవరైనా టీచరువి కాదంటారని భయపడి మూడు నెలలుగా యుద్ధం చేస్తున్నదాన్ని, ఆవిడ తనని తాను హౌస్‌వైఫ్ అని చెప్పుకుంటే సరే అని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ నిటారు కూర్చోవడం, ఆ పెన్సిళ్ళు, ఆ బోర్డు తుడిచే పద్ధతి, అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. ఆ గీతలు పదహారేళ్ళు తుడిస్తే గాని రావు. నా నోట్లో అక్షరం నాకే వినపడలేదని కాదు నేను సిగ్గుపడాల్సింది, ఎదురుగా ఉన్న మనిషిని చూడనందుకు.

ప్రిన్సిపల్ కాగితం నా చేతిలో పెట్టింది. "ఓకే లా. కన్ఫర్మ్," అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంకో అరగంట క్లాసుంది. టైమ్ వేస్ట్ చెయ్యద్దు," అని వెళ్ళిపోయింది.

నాకు కావలసింది వచ్చేసింది. దానికోసమే మూడు నెలలు కొట్టుకున్నాను. కానీ చేతిలో ఉన్న మార్కర్‌తో ఆ అరగంట ఏం రాయాలో నాకు తోచలేదు.

పెద్దక్క దగ్గరికి వెళ్ళాను. మార్కర్ రెండు చేతుల్లో పెట్టుకుని, వాళ్ళు చేసినట్టే నడుం కొంచెం వంచి, ఇచ్చాను. "లెక్కలు. ఇంగ్లీషులో," అన్నాను.

ఆవిడ వెంటనే తీసుకోలేదు. మిగతా ఏడుగురినీ చూసింది, నన్ను చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి తీసుకుంది. బోర్డు దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టకుండా పక్కకి తిరిగి నిలబడింది, రాసేది అందరికీ కనపడేలా. మార్కర్‌ని సుద్దముక్కలా పట్టుకుంది. పెద్ద సున్నా చుట్టింది.

"ౙీరో," అంది.

"ౙీరో," అన్నారు ఏడుగురూ.

నేను వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. చెక్కిన పెన్సిలు ఒకటి తీసుకుని, ఆవిడ చెప్పింది రాసుకోవడం మొదలుపెట్టాను.